అర్ధ సభ్యుడి పెళ్ళి

టైలరు కృపాదానం యాభై నిండేదాకా పెళ్ళి మాట ఎత్తలేదు. తీరా ఎత్తాక అడ్డొచ్చింది డబ్బూ కాదు, చుట్టాలూ కాదు. ఆయన ఏ పాపమూ చేయకపోవడం అడ్డొచ్చింది.

వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. వేమవరప్పాడు మిషను కాంపౌండులో ఆ ఏడు జరిగినవన్నీ ఇలాంటివే. దీనికంతటికీ మూలపురుషుడు చర్చి సెక్రటరీ నిరీక్షణరావు గారు. రిజిస్ట్రారు కచేరీలో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చెడ్డవాడేం కాదు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు, అంతే. ఇంట్లో భార్యను మంచినీళ్ళు అడగాలన్నా "తక్షణ చర్య నిమిత్తము" అని మొదలుపెడతాడని కాంపౌండులో చెప్పుకునేవారు.

ఆ వేసవిలో పట్నంలో మూడు రోజుల సదస్సు జరిగింది. ఊళ్ళో చర్చి కట్టించిన అమెరికా దొరల తాతముత్తాతల చరిత్ర మీద. సెక్రటరీ గారూ, పాస్టరు సత్యానందం అయ్యగారూ కలిసి వెళ్ళారు. అయ్యగారు మహా నెమ్మదస్తుడు. అడిగితే గానీ చెప్పడు, అడిగినా ఒక పట్టాన చెప్పడు. ఆయన మూడు రోజులూ కూర్చున్నాడు. సెక్రటరీ గారు మాత్రం బస్సులో సీటు దొరకదేమోనని రెండో రోజు సాయంత్రమే సంచీ సర్దుకుని వచ్చేశారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వచ్చిన ఆదివారమే ఆయన ప్రసంగ వేదిక ఎక్కారు.

"సంఘస్థులకు తెలియజేయునది ఏమనగా, మనకు సువార్త తెచ్చిన దొరలకు పూర్వీకులు, అనగా మన స్థాపకులకే స్థాపకులు, సుమారు నాలుగు వందల సంవత్సరముల క్రిందట ఓడలెక్కి మసాచుసెట్స్ అను ప్రాంతమున దిగినవారై, సభ్యత్వ విషయమున ఒక కట్టుదిట్టమైన పద్ధతిని అవలంబించియున్నారు..."

ఆయన గంటసేపు చెప్పిందాన్ని నేను నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆ పాతకాలపు వాళ్ళు, బాప్తిస్మం పొందాడు కదా అని ఎవణ్ణీ సభ్యుడనేవారు కాదట. తానెంత పాపో, దేవుడు తనను ఎలా పట్టి లాగాడో, తన అనుభవం నలుగురి ముందూ నిలబడి చెప్పాలి. పెద్దలు నమ్మితేనే లోపలికి. ఊరి ఓటు కూడా అలా లోపలికొచ్చిన మగవాళ్ళకే. ఒకచోట ధాన్యపు కొట్టంలో సమావేశం పెట్టి, ఏడుగుర్ని ఎంచి వాళ్ళకి స్తంభాలని పేరు పెట్టారు. ఆ ఏడుగురూ ముందు ఒకళ్ళనొకళ్ళు పరీక్షించుకుని, ఆపైన ఊరిని పరీక్షించారు. కొన్నాళ్ళకి వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అందరూ బుద్ధిమంతులే, చెప్పుకోడానికి మాత్రం అనుభవం లేదు. పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకుని, వాళ్ళని సగం సభ్యులుగా ఉండనిచ్చారు.

"ఎంత గొప్ప ఏర్పాటు! మన సంఘములో ఇంతవరకు ఇట్టి వర్గీకరణయే లేకపోవుట మిక్కిలి శోచనీయము," అని సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు ఏదో చెప్పబోయి, ఎవరూ అడగలేదని ఊరుకున్నారు.

ఆ సాయంత్రమే చర్చి పక్క గదిలో ఏడు స్తంభాల కమిటీ వెలిసింది. టీలు చల్లారకముందే ఏడుగురూ ఒకళ్ళనొకళ్ళు పరీక్షించుకుని పాసైపోయారు. సెక్రటరీ గారికి చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు దూలం మీద వెలుగు కనబడిందట. మిగతా ఆరుగురూ ఔరా అనుకున్నారు. మర్నాడు నోటీసు బోర్డు మీద అనుభవానికి నాలుగు మెట్లు ప్రకటించారు: పాపపు ఒప్పుకోలు, ఘోర నిరాశ, పశ్చాత్తాపం, మనశ్శాంతి. ఏ మెట్టు తప్పినా అర్ధ సభ్యుడే.

మొదట పరీక్షకి వచ్చినవాడు ఏసుపాదం. ఒకప్పుడు నాటుసారా కాచి, అమ్మి, మిగిలింది తానే తాగి, పోలీసుల చేత తన్నులు తిని, మారి పదేళ్ళుగా పద్ధతిగా బతుకుతున్నవాడు. వాడు చెబుతుంటే స్తంభాలు కళ్ళు తుడుచుకుంటూ విన్నాయి. వానాకాలంలో కాలవలో పడి రాత్రంతా కప్పలతో కలిసి అరిచిన ఘట్టం దగ్గర సెక్రటరీ గారు "మరొక పర్యాయము" అని అడిగి చెప్పించుకున్నారు. ఏసుపాదం మొదటి తరగతిలో పాసయ్యాడు.

తర్వాత దయామణి. మిషను ఆసుపత్రిలో నర్సు, మొగుడు పోయి ఎనిమిదేళ్ళైంది. కృపాదానం చేసుకోబోయేది ఆవిడనే.

"మా ఆయన బతికుండగా ఒకసారి కూర బాలేదన్నాడండి. గరిటె పెట్టి కొట్టా. నుదురు పగిలింది. నేనే కుట్లేశా. కుట్లేస్తా ఏడిచా."

"నాలుగు మెట్లును ఒకే పూటలో ఎక్కియున్నారు," అని కమిటీ ఆవిణ్ణి మెచ్చుకుని పంపింది.

ఇక కృపాదానం వంతు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ పాపములను వివరించుడు."

కృపాదానం చాలాసేపు ఆలోచించాడు. "ఒకసారి హెడ్మాస్టరు గారి ప్యాంటు అంగుళం పొట్టిగా కుట్టానండి."

"ఉద్దేశపూర్వకముగానా?"

"కాదండి. కొలతప్పుడు ఆయన కుదురుగా నిలబళ్ళేదు."

"పిదప ఘోర నిరాశకు లోనైతిరా?"

"లేదండి. ఇంకోటి కుట్టిచ్చా."

స్తంభాలు మొహాలు చూసుకున్నాయి. మద్యమా? అలవాటు లేదు. పేకాటా? ఆసు ఏదో జాకీ ఏదో తెలీదు. పోనీ అబద్ధాలా? కృపాదానం నెత్తి గోక్కున్నాడు. ఏడుగురిలో ఒకాయన బట్టలు కృపాదానం దగ్గరే కుట్టిస్తాడు, ఆయన దిగాలుగా అందుకున్నాడు. "అదీ లేదండి. పండక్కిస్తానంటే పండక్కే ఇస్తాడు. టైలరై ఉండి."

"అట్టిది అద్భుతముల క్రిందకు వచ్చునేమో గాని అనుభవముల క్రిందకు రాదు," అని తేల్చారు సెక్రటరీ గారు. "పడనివాడు లేచుట ఎట్లు? కృపాదానం గారూ, మిమ్ములను అర్ధ సభ్యునిగా పరిగణించడమైనది."

అలా కృపాదానం సగమయ్యాడు. ఆయన ఒక్కడే అయితే సరిపోను. గంట కొట్టే ముసలాయన, దీపాలు తుడిచే ఆవిడ, పాటల బృందం మొత్తం, ఒళ్ళు దాచుకోకుండా చర్చి పని చేసేవాళ్ళంతా సగమైపోయారు. వాళ్ళకి లోపల బెంచీల మీద చోటు లేదు, వరండాలో చాప మీద కూర్చోవాలి. పైగా "అర్ధ సభ్యులు పల్లవి పాడవచ్చును, చరణము పాడరాదు" అని ఇంకో ఉత్తర్వు. పాట మొదలవగానే వరండాలోంచి పల్లవి ఘంటానాదంలా వచ్చేది. చరణం దగ్గరికొచ్చేసరికి లోపలున్న పూర్తి సభ్యులకి మాటలు రావు. రాగం తెలిసిన ఏసుపాదం ఒక్కడు ఊఁ ఊఁ అని లాగేవాడు. మళ్ళీ పల్లవి వచ్చేదాకా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చునేవారు.

అన్నిటికన్నా గట్టి దెబ్బ పెళ్ళి మీద పడింది. పెళ్ళి ప్రకటనలు అప్పటికే చర్చిలో ఒకసారి చదివారు. కమిటీ సుదీర్ఘంగా చర్చించి తీర్మానించింది: "అర్ధ సభ్యునికి అర్ధ వివాహము జరుపవచ్చును. అనగా ప్రమాణములు చేయవచ్చును, ఉంగరము తొడగవచ్చును. దీవెన మాత్రము ఇవ్వరాదు."

ఈ మాట వినగానే దయామణి తెల్ల యూనిఫాంలోనే గబగబా టైలరు కొట్టుకొచ్చింది.

"సగం పెళ్ళేంటి మాస్టరు గారూ? అన్నం సగం ఉడికించి పెడితే తింటారా వాళ్ళు? కందకు లేని దురద కత్తిపీటకెందుకంట?"

"నేనేం చేసేదండి, సిస్టరు గారూ?"

"చేసుకోబోయేదాన్ని సిస్టరు గారంటారేంటండీ, ఎవరైనా వింటే నవ్విపోతారు! ఏదో ఒక పాపం చెయ్యండి. చిన్నదైనా సరే. చేసి, ఏడ్చి, చెప్పేసి రండి. దీవెన లేకుండా నేను మీ గడప తొక్కను. మొదటిసారి రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి చేసుకున్నా. ఈసారి అయ్యగారు నెత్తిన చెయ్యి పెట్టాల్సిందే." అంటూనే ఆవిడ కళ్ళు చెమర్చాయి. కృపాదానానికి గుండె కలుక్కుమంది. ఆ మనిషి కోసం ఏ గంగలోనైనా దూకుదామనుకున్నాడు.

అప్పటికి ఊళ్ళో పాపాలకి గిరాకీ పెరిగింది. ఏసుపాదం తన ఇంటి అరుగు మీద అనుభవాల కోచింగు పెట్టాడు. లేని పాపాలు నేర్పుతున్నాడని కమిటీకి తెలిసి, కల్తీ అరికట్టడానికి కొత్త నిబంధన వచ్చింది: చేసిన పాపానికి ఇద్దరు ప్రత్యక్ష సాక్షులుండాలి. ఇంకేం, పెద్దమనుషులు కల్లుపాకకి సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళసాగారు. కల్లుపాక వీరాస్వామికి ఇంత బేరం ఏ జాతరకీ లేదు. ఆయన కృతజ్ఞతగా చర్చికి గోడ గడియారం ఒకటి బహూకరించాడు.

కృపాదానం కూడా ఓ సాయంత్రం అక్కడికి వెళ్ళాడు. ముంత అడిగాడు. వీరాస్వామి చెవులు మూసుకున్నాడు.

"తప్పు మాస్టరూ! మీరు తాగారంటే మా పాకకి చెడ్డపేరొస్తది. ఇదిగో, ముంజలు తినండి, లేతవి."

"అది కాదయ్యా, నాకు అవసరం పడింది."

"ఏం అవసరమైనా సరే, నా చేత్తో పొయ్యను," అని ఆకులో ముంజలు పెట్టిచ్చాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారని సామెత. కృపాదానం విషయంలో సామెత తిరగబడింది. ఆయన్ని పాకలో చూసినవాళ్ళు, పాపం ఎవరినో మాన్పించడానికి వచ్చాడని దణ్ణం పెట్టి వెళ్ళారు.

కల్లు కుదరకపోతే దొంగతనం అనుకున్నాడు. పక్కవీధి మస్తానమ్మ దొడ్లో దూరి, ఒక కోడిపెట్టను చంకన పెట్టుకున్నాడు. పెట్ట ఊరుకుంటుందా, ఊరంతా వినబడేలా అరిచింది. మస్తానమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"పెళ్ళికా మాస్టరూ? అడిగితే నేనే పంపేదాన్ని కదయ్యా. అది గుడ్లు పెడతంది, వదిలెయ్. ఆ నల్లపుంజుని తీసుకెళ్ళు, కూరకి బాగుంటది." పుంజు కాళ్ళు తనే కట్టి చేతికిచ్చింది. దొంగిలించడానికి వెళ్ళినవాడు కట్నం పుచ్చుకుని వచ్చాడు. ఏడుపొచ్చింది గానీ, అది కమిటీ అడిగే ఏడుపు కాదు.

ఈలోగా సెక్రటరీ గారికి మరో ఆలోచన తట్టింది. లైసెన్సులకి గడువుంటుంది, అనుభవానికి ఎందుకుండకూడదు? పదేళ్ళు దాటిన అనుభవాలు మురిగిపోయినట్టే, పునరుద్ధరించుకోవాలి అన్నారు. ఏసుపాదం లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యా, మళ్ళీ తాగమంటారా? నా పెళ్ళాం నన్ను బతకనిస్తదా?"

"ఆ విషయమై కమిటీ మౌనము వహించుచున్నది," అన్నారు సెక్రటరీ గారు.

చివరి విచారణ నాటికి పరిస్థితి ఇదీ. పెళ్ళి వారంలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం కృపాదానం చేతిలో కొలబద్దతో వచ్చాడు. స్తంభాలు ఏడుగురికీ నల్ల అంగీలు కుట్టే పని కూడా ఆయనకే అప్పగించారు మరి. వరసగా భుజాలు కొలుస్తూనే విచారణకి జవాబులు చెప్పాడు. అయ్యగారు మూల కుర్చీలో కూర్చున్నారు. తలుపు దగ్గర దయామణి, ఆవిడ వెనక ఏసుపాదం.

"ఈ మధ్యకాలమున పతనమేమైనా సంభవించినదా?"

"ప్రయత్నించానండి. కుదరనివ్వలేదు."

సెక్రటరీ గారు సానుభూతిగా తలాడించారు. "చింతింపకుడు. ఇది మీ ఒక్కరి లోపము కాదు, కుటుంబ లక్షణము. రాబోవు జ్ఞాపకార్థ ఆరాధనలో చదువవలసిన మృతుల పేర్లను కూడ వర్గీకరించడమైనది. అనుభవము చెప్పకయే మరణించినవారిని అర్ధ సభ్యులుగా చదివెదము. మీ తల్లి సువార్తమ్మ గారు కూడ అందులోనే ఉన్నారు."

కృపాదానం చేతిలో కొలబద్ద ఆగిపోయింది.

సువార్తమ్మ ఆ చర్చిని జీవితాంతం ఊడ్చింది. రెక్కలు పనిచేసినన్నాళ్ళూ మెట్లు కడిగింది. ఊడ్చాక కాంపౌండు పిల్లల్ని ఆ మెట్ల మీదే కూర్చోబెట్టి ప్రార్థన నేర్పేది. మంచం పట్టిన అమ్మని చూసుకుంటూనే కృపాదానం పెళ్ళి మాట మరిచిపోయాడు. ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదు.

"మా అమ్మ సగమా?" అన్నాడు.

"రికార్డుల ప్రకారము..."

కొలబద్ద బల్ల మీద ఫెళ్ళుమని పడింది. టీ గ్లాసులు ఎగిరాయి. సెక్రటరీ గారి కళ్ళజోడు కింద పడింది.

"ఎవరయ్యా నువ్వు మా అమ్మని కొలవడానికి? పొద్దున్నే లేచి ఊడ్చినప్పుడు సగమే ఊడ్చిందా? మెట్లన్నీ కడిగిందా, సగం కడిగిందా? నేనూ మనుషుల్ని కొలిచేవాణ్ణే! ఒంటికి సరిపడా చొక్కా కుట్టడానికి కొలుస్తా. గుమ్మం బయట నిలబెట్టడానికి కాదు!"

కృపాదానం అరవగా విన్నవాళ్ళు ఆ కాంపౌండులో లేరు. ముందుగా తేరుకున్నది స్తంభాల్లో ఒకాయన.

"కోపము! దుర్భాష! ఏడుగురు సాక్షుల ఎదుట!"

స్తంభాల మొహాలు వికసించాయి. సెక్రటరీ గారు కళ్ళజోడు తడుముకుని పెట్టుకుంటూనే, "మొదటి మెట్టు నిస్సందేహముగా పూర్తి అయినది. ఇక పశ్చాత్తాపపడుడు. త్వరగా కానిండు, వివాహమునకు వ్యవధి స్వల్పముగా ఉన్నది," అన్నారు.

కృపాదానం కళ్ళు మూసుకున్నాడు. మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. తలుపు దగ్గర్నుంచి దయామణి "ఒక్క చుక్క చాలు మాస్టరూ, ఒక్క చుక్క" అని గుసగుసలాడుతోంది. ఆవిడ నెత్తిన అయ్యగారి చెయ్యి పడాలంటే ఆ ఒక్క చుక్కే తక్కువ. పాపం, ఆయనకీ తెలుసు.

"రావట్లేదండి," అన్నాడు కళ్ళు తెరిచి.

"ఏమి రావట్లేదు?"

"పశ్చాత్తాపం. వచ్చిందని అబద్ధం చెప్పలేను. మా అమ్మని మళ్ళీ అంటే, మళ్ళీ కొడతా."

దయామణి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళి పోయినట్టే. అయినా ఆవిడకి ఆ మనిషి మీద కోపం రాలేదు. ఇలాంటివాణ్ణేనా సగం అన్నారు అని మాత్రం అనుకుంది.

అప్పుడు మూల కుర్చీలోంచి అయ్యగారు మెల్లగా దగ్గారు. "నిరీక్షణరావు గారూ, చిన్నప్పుడు మీకు ప్రార్థన ఎవరు నేర్పారండీ?"

"పై ప్రశ్నకు జవాబుగా మనవి చేయునది ఏమనగా..." అని మొదలుపెట్టి సెక్రటరీ గారు ఆగిపోయారు. ఎంతసేపటికీ ఏమనగా తర్వాతి మాట రాలేదు.

"సువార్తమ్మ పిన్ని," అన్నారు చివరికి, కచేరీ భాష ఎటు పోయిందో ఏమో. "మా అమ్మ నాట్లకి పొయ్యేది. నన్ను ఆ మెట్ల మీద వదిలి పొయ్యేది. ప్రార్థన తప్పు లేకుండా చెబితే పిన్ని బెల్లం ముక్క పెట్టేది. మా పాపాలు క్షమించమనే చోటికొచ్చేసరికి నాకు ఎప్పుడూ తప్పు పోయేది. తప్పు పోయినా పెట్టేదిరా కృపా. ఒక్కరోజు కూడా పెట్టకుండా పంపలేదు."

బల్ల మీద తల వాల్చి, ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఆవిణ్ణి సగమన్నానురా. నా నోటితో అన్నాను."

కృపాదానం కొలబద్ద పక్కన పెట్టి ఆయన వీపు నిమిరాడు. తన కోపమంతా అక్కడికక్కడే దిగిపోయింది.

"ఒప్పుకోలు, నిరాశ, పశ్చాత్తాపం, మూడూ అయ్యాయి," అన్నారు అయ్యగారు నెమ్మదిగా. "నాకు తెలిసి ఈ గదిలో ఇంతవరకు చెప్పిన అనుభవాల్లో నిజమైనది ఇదేనండీ."

సెక్రటరీ గారు తల ఎత్తారు. కళ్ళు కారుతూనే ఉన్నాయి, కానీ హెడ్డు గుమాస్తా బుర్ర పని చేయడం మొదలెట్టింది. "అట్లయినచో... మునుపటి టైఫాయిడ్..."

"జ్వరమేనండీ అది."

"అనగా ఈ క్షణము వరకు నేను అర్ధ సభ్యుడను. అర్ధ సభ్యుడు జారీ చేసిన ఉత్తర్వులు..."

"చెల్లవు!" అన్నారు మిగతా ఆరు స్తంభాలూ ఒక్కసారే. అందరికన్నా గట్టిగా అన్నది తలుపు దగ్గరున్న ఏసుపాదం.

వెళ్ళేటప్పుడు అయ్యగారు ఇంకో ముక్క చెప్పారు. సదస్సు మూడో రోజున తేలిందేమిటంటే, ఆ దేశంలోనూ ఇదే గతి పట్టిందట. స్థాపకుల మనవలే అనుభవం చెప్పలేక బయట నిలబడితే, కొన్ని ఊళ్ళలో గుడి నిండా సగంవాళ్ళే మిగిలారట. ఆఖరికి ఒక ఊరి పాదిరి విసిగిపోయి, రొట్టే ద్రాక్షారసమూ పంచే ప్రభువు బల్ల దగ్గరికి అందరినీ రమ్మన్నాడట.

"ఈ సంగతి ముందే చెప్పరాదుటండీ?" అన్నారు సెక్రటరీ గారు నిష్ఠూరంగా.

"మీరు అడగలేదుగా," అన్నారు అయ్యగారు.

పెళ్ళి అనుకున్న రోజుకే జరిగింది. పాటల బృందం లోపలికొచ్చి పల్లవులూ చరణాలూ, కొన్ని చరణాలు రెండేసి సార్లూ పాడింది. అయ్యగారు ఇద్దరి నెత్తిన చేతులు పెట్టి దీవించారు. దయామణి కళ్ళు తుడుచుకుంది, ఈసారి ఎవరూ మెట్లు లెక్కపెట్టలేదు. వీరాస్వామి గంపెడు ముంజలు పంపాడు. మస్తానమ్మ నల్లపుంజు కూరై, పెళ్ళి విస్తళ్ళలోకి వచ్చింది. జ్ఞాపకార్థ ఆరాధనలో సువార్తమ్మ పేరు మొట్టమొదట చదివింది నిరీక్షణరావు గారు. చదివాక పిల్లలందరికీ బెల్లం ముక్కలు పంచారు, ప్రార్థన వచ్చినవాళ్ళకీ, రానివాళ్ళకీ.

పెళ్ళి భోజనాల దగ్గర దయామణి వడ్డిస్తూ వడ్డిస్తూ కొత్త పెళ్ళికొడుకు ముందు ఆగింది.

"ఇంతకీ ఆ పశ్చాత్తాపం వచ్చిందా మాస్టరు గారూ?"

"ఇంకా రాలేదండి, సిస్టరు గారూ."

"పెళ్ళైందిగా, నిదానంగా అదే వస్తుంది లెండి," అంది దయామణి. "ముందు కూర ఎలా ఉందో చెప్పండి."

కృపాదానం ఆవిడ చేతిలోని గరిటె వైపు ఒకసారి చూశాడు.

"చాలా బాగుందండి," అన్నాడు, ఇంకా ముద్ద నోట్లో పెట్టుకోకుండానే. అదే ఆయన జీవితంలో మొదటి అబద్ధం.